చేతికి కుదిరిన గద

శ్రీకృష్ణ తులాభారం నాటకంలో జనం ఊపిరి బిగబట్టి చూసే ఘట్టం ఒకటుంది. సత్యభామ ఒంటిమీది నగలూ ఇంట్లోని బంగారమూ అంతా తెచ్చి పోసినా త్రాసు కదలదు. చివరికి రుక్మిణి వచ్చి ఒక్క తులసిదళం వేస్తుంది. కృష్ణుడు కూర్చున్న తట్ట మెల్లగా పైకి లేస్తుంది. ముత్తరాజు సుబ్బారావు రాసిన ఈ నాటకంలో స్థానం నరసింహారావు సత్యభామగా ఎలా నడిచాడో, ఎలా పాడాడో తెలుగువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ త్రాసు సంగతి మాత్రం ఎవరి నోటా అంతగా వినిపించదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. అరవై డెబ్భై కిలోల మనిషి ఒక తట్టలో కూర్చుంటాడు. అవతలి తట్టలో గుప్పెళ్ళకొద్దీ నగలు పడుతుంటాయి. త్రాసు కదలకూడదు, అలాగని మేకులు కొట్టి బిగించినట్టూ కనిపించకూడదు. సరిగ్గా దళం పడ్డ క్షణంలో, పద్యం ముగింపుతో పాటు అది లేవాలి. ఒక్క క్షణం ముందు లేచినా, రెండు క్షణాలు ఆలస్యమైనా భక్తి కాస్తా నవ్వులపాలవుతుంది.

దీన్ని సాధించే పద్ధతుల్లో ఒకటి ఇలా ఉంటుంది. నిలువు స్తంభాన్ని లోపల బోలుగా చేసి, అడ్డదూలానికి కట్టిన తాడును అందులోంచి కిందికి దింపి, తెరవెనక కప్పీ మీదుగా ఇసుక బస్తాకు కలుపుతారు. అడ్డదూలాన్ని ఒక చీల పట్టి ఉంచుతుంది. రుక్మిణి చేయి తట్ట మీదికి వెళ్ళగానే వింగులో ఉన్న మనిషి ఆ చీల లాగి, బస్తాను చేత్తో ఆపుకుంటూ కొద్దికొద్దిగా వదులుతాడు. కృష్ణపాత్రధారి బరువెంతో ముందే చూసుకుని బస్తా నింపాలి. ఆ వేషం మరొకరు వేస్తే బస్తా మళ్ళీ తూచాలి. నగల విషయం ఇంకా సున్నితం. అన్నీ ఇత్తడివైతే తట్టలో పడ్డప్పుడల్లా ఆ మోత పద్యాన్ని మింగేస్తుంది. అన్నీ అట్టవైతే చప్పుడే రాదు, పోసింది బంగారమని ఎవరూ నమ్మరు. అందుకని అడుగున తేలికవి, పైన నాలుగైదు లోహపువి కలిపి, ఏ పిడికిట్లో ఏవి ఉండాలో సత్యభామకు నేర్పాలి. ఇంత పని చేసే మనిషిని సామాన్లు మోసేవాడిగా లెక్కేస్తే, నాటకంలో సగం మన లెక్కలోంచి జారిపోయినట్టే.

రంగస్థలం మీద ఒక వస్తువు నిజమనిపించడానికి అది నిజమైన పదార్థంతో చేసిందై ఉండనక్కర్లేదు. ఆ నాటకానికి, ఆ నటుడి చేతికి, ఆ క్షణానికి తగ్గట్టు తయారైందై ఉండాలి. ప్రాపర్టీస్ అని మన నాటకాలవాళ్ళు పిలుచుకునే ఈ సామగ్రిని తయారుచేయడం, వెతికి తేవడం నాటకాన్ని రాయడంలోనూ నటించడంలోనూ భాగమే. మన తెలుగు నాటకం క్రమంగా దీన్ని అద్దెకు తెచ్చుకునే సామానుగా చూడటం అలవాటు చేసుకుంది. దానివల్ల మనం పోగొట్టుకుంటున్నది చిన్నది కాదని నా అభిప్రాయం.

వస్తువుల తయారీ నాటకంలో భాగమేనన్న మాట కొత్తదేమీ కాదు. భరతుడి నాట్యశాస్త్రం వేషంతోనూ వస్తువులతోనూ సాగే ఆహార్యాభినయానికి ఒక అధ్యాయాన్నే కేటాయించింది. అందులో రంగవస్తువుల తయారీని పుస్తం అన్నాడు. చాపలు, బట్ట, తోలు కలిపి కట్టి చేసేవి సంధిమం. యంత్రపు కిటుకుతో కదిలేవి వ్యాజిమం. చుట్టి చేసేవి వేష్టిమం. కొండలు, రథాలు, విమానాలు, కవచాలు, ఆయుధాలు అన్నీ ఈ పద్ధతుల్లోనే చేయాలి. అంతకన్నా ముఖ్యమైన సలహా మరొకటి ఉంది. లోకంలో ఇనుముతోనూ బరువైన లోహాలతోనూ చేసే వస్తువుల్ని నాటకంలో అలా చేయవద్దన్నాడు, ఎందుకంటే ఆ బరువు నటుణ్ణి అలసిపోయేలా చేస్తుంది. లక్క, కర్ర, తోలు, బట్ట, వెదురు బద్దలు వాడమన్నాడు. నగలకు మైనం, అభ్రకం, పలుచని లోహపు రేకు చెప్పాడు. ఆయుధాన్ని నిజంగా విసరవద్దు, తాకినట్టు అభినయంతోనే చూపమన్నాడు. రెండువేల ఏళ్ళ కిందటి గ్రంథంలో వస్తువు గురించి ఆలోచన నటుడి భుజం దగ్గర, అతని ఊపిరి దగ్గర మొదలవుతోంది. చూసేవాడి కంటికి ఎలా మెరుస్తుందన్న ప్రశ్న ఆ తరువాతే వస్తుంది. నేటికీ ఇంతకంటే సరైన వరస మరొకటి లేదు.

భీముడి గదనే తీసుకుందాం. పౌరాణిక పద్యనాటకంలో ఆ నటుడు గదను గంటకు పైగా భుజాన మోస్తూ, దాన్ని ఆనుకుని నిలబడి, ఊపుతూ పద్యాలు పాడతాడు. గద నిజంగా బరువుదైతే నాలుగో పద్యానికి గొంతు తడబడుతుంది, రాగం తీయడానికి రొమ్ములో గాలి మిగలదు. మరీ తేలికదైతే అంతకంటే పెద్ద ప్రమాదం ఉంది, ఎత్తినప్పుడు చేయి గాలిలోకి ఎగిరిపోతుంది. ఎదుటి వరసలో కూర్చున్న పిల్లవాడు కూడా అది డొల్ల అని పట్టేస్తాడు. అందుకే మంచి పనివాడు గదంతా తేలికగా చేసి, తలకట్టులో మాత్రం కాస్త బరువు పెడతాడు. అప్పుడు మణికట్టు దానంతటదే వంగుతుంది, భుజం దిగుతుంది, నటుడు ప్రత్యేకంగా నటించకుండానే బరువు కనిపిస్తుంది. మనం చూసే బరువు గదలో ఉండదు, నటుడి కండరాల్లో ఉంటుంది. పిడి మందం కూడా ఆ నటుడి అరచేతిని బట్టి ఉండాలి. చెమట పట్టినా జారకుండా పిడికి నూలుదారం చుట్టాలి, దాని మీద రంగు వేయాలి. ఈ సంగతులేవీ నాటకాలకు సామాను అద్దెకిచ్చే డ్రెస్ కంపెనీవాళ్ళ పెట్టెలో ఒకే కొలతకు పోత పోసి వచ్చిన ఫైబర్ గదకు తెలియవు.

చప్పుడు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మైకులు వచ్చాక ఆట మారిపోయింది. ఒకప్పుడు చివరి వరసలో ఉన్నవాడికి స్టేజీ మీది బిందె రంగు మాత్రమే కనిపించేది, దించిన చప్పుడు వినిపించేది కాదు. ఇప్పుడు స్టేజీ ముందు పెట్టిన మైకు ప్రతి చిన్న శబ్దాన్నీ హాలంతా పరుస్తుంది. ఇత్తడి రంగు పూసిన ప్లాస్టిక్ బిందెను దించగానే వచ్చే బోలు చప్పుడు సన్నివేశంలోని పేదరాలి ఇంటిని ఒక్క క్షణంలో చెరిపేస్తుంది. దూరం నుంచి చూస్తే అచ్చు ఇత్తడిలా ఉంటుంది కదా అన్న సమాధానం సరిపోదు, చెవికి దూరం లేదు. అలాంటి బిందె అడుగున లోపలివైపు రేకు బిళ్ళ అంటిస్తే కొంత నయం. నిజమైన పాత బిందె దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే దించే వస్తువుకు బరువు అడ్డం కాదు. దేన్ని తయారుచేయాలి, దేన్ని ఉన్నది ఉన్నట్టు తేవాలి అన్న నిర్ణయమే ఈ విద్యలో సగం.

తయారీ ఎంత దూరం తీసుకెళ్తుందో తెలుసుకోవాలంటే సురభి చరిత్ర చూడాలి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ ప్రదర్శనతో మొదలైన ఈ కుటుంబ నాటక సమాజం పూర్వీకులు మహారాష్ట్ర నుంచి వచ్చిన తోలుబొమ్మలాటవాళ్ళు. మేకతోలును శుభ్రం చేసి, వెలుగు దాటేంత పలచన చేసి, కత్తిరించి, చిల్లులు పొడిచి, రంగులద్దిన చేతులే తరువాత నాటకానికి తెరలు గీశాయి, కిరీటాలు చేశాయి, తీగలు లాగాయి. వాళ్ళ మాయాబజార్ నాటకంలో వస్తువులు వాటంతటవే కదలడం, నారదుడు ఆకాశంలోంచి దిగడం, యుద్ధంలో రెండు వైపులనుంచి వచ్చిన బాణాలు గాలిలో ఢీకొని నిప్పురవ్వలు రాల్చడం చూసి తరాల తెలుగు ప్రేక్షకులు నోరెళ్ళబెట్టారు. ఆ బాణం ప్రయాణించేది కంటికి ఆనని తీగ మీద. అది బిగువు తప్పితే బాణం మధ్యలో ఆగుతుంది, ఎక్కువైతే తెగుతుంది. ఆ బిగువు ఎంత ఉండాలో పుస్తకంలో దొరకదు. అది తండ్రి చేతిలోంచి కొడుకు చేతిలోకి వచ్చింది. సురభిలో రాత్రికి రాజు వేషం వేసే మనిషే పగలు తాడు ముడి వేస్తాడు, వేషం లేని రోజున ఆయనే వింగులో నిలబడి తీగ లాగుతాడు. చేసేవాడూ వాడేవాడూ ఒకరే కావడం వల్లే వాళ్ళ వస్తువులకు ఆ ప్రాణం వచ్చిందని నేననుకుంటాను. ఇదంతా పాతకాలపు గారడీ అని తీసిపారేసేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకోవాలి. బి.వి. కారంత్ అంతటి ఆధునిక దర్శకుడు అదే సురభివాళ్ళతో భీష్మ, చండీప్రియ చేయించాడు, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకాన్ని బస్తీ దేవత యాదమ్మగా వేయించాడు. ఆయనకు ఆ చేతుల విలువ తెలుసు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఇంత కష్టపడి నకిలీవి చేయడమెందుకు, అసలు వస్తువే తెచ్చి పెడితే అంతకు మించిన నిజం ఏముంటుంది? దీనికి ఒక మంచి ఉదాహరణ ఇంగ్లండులో జరిగింది. ఆంద్రే చైకోవ్‌స్కీ అనే పియానో కళాకారుడు 1982లో చనిపోతూ, తన పుర్రెను నాటకాల్లో వాడుకొమ్మని రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి రాసిచ్చాడు. 2008లో వాళ్ళు వేసిన హామ్లెట్‌లో శ్మశానం సన్నివేశానికి ఆ పుర్రెను వాడారు. సంగతి పత్రికలకెక్కింది. జనం దృష్టి నాటకం మీంచి పుర్రె మీదికి మళ్ళుతుందని, లండన్‌కు వెళ్ళాక నకిలీదే వాడుతున్నామని కంపెనీ ప్రకటించింది. నిజానికి అక్కడా అసలు పుర్రెనే వాడారని తరువాత బయటపడింది. ఈ ఉదంతంలో రెండు సంగతులున్నాయి. అసలు వస్తువు తన సొంత కథను వెంట తెచ్చుకుని నాటకం కథకు అడ్డుపడగలదు. అది అసలుదో నకిలీదో ప్రేక్షకుడికి చెబితే తప్ప తెలియదు. హామ్లెట్ వేసిన నటుడికి చేతిలో ఉన్నది ఒక మనిషి తల అన్న స్పృహ ఉపయోగపడి ఉండవచ్చు, దాన్ని నేను కాదనను. కానీ హాల్లో కూర్చున్నవాడికి అందింది ఆ నటుడి వేళ్ళ వణుకే.

అసలు వస్తువు చేసే కీడు ఇంతటితో ఆగదు. 2008 డిసెంబరులో వియన్నాలోని బుర్గ్ థియేటర్‌లో ఒక నటుడు ఆత్మహత్య సన్నివేశంలో గొంతు మీద కత్తి ఆనించి లాగగానే నిజంగా రక్తం వచ్చింది. ఆ కత్తిని ముందుగా మొద్దు చేయలేదు. అదృష్టం కొద్దీ ప్రాణం దక్కింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1613 జూన్ 29న లండన్‌లో షేక్‌స్పియర్ నాటకాలు ఆడిన గ్లోబ్ థియేటర్, ఎనిమిదో హెన్రీ నాటకంలో రాజు రాకకు గుర్తుగా పేల్చిన ఫిరంగి వల్ల పైకప్పు గడ్డి అంటుకుని బూడిదైపోయింది. తాకినట్టు అభినయించమన్న భరతుడి మాటకు ఇలాంటి అనుభవాలే కారణమై ఉంటాయి. కత్తి మొద్దుదని చేసినవాడికి తెలిసి ఉండాలి, నటుడు ఎత్తే ముందు ప్రతి రాత్రీ ఒకరు వేలితో తడిమి చూడాలి. అంగట్లో కొని నేరుగా స్టేజీ ఎక్కించిన వస్తువుకు ఆ కాపలా ఉండదు.

అలాగని వెతికి తెచ్చే పనిని తక్కువ చేయడం లేదు, దానికి వేరే చదువు కావాలి. గురజాడ కన్యాశుల్కం నాటకం మొదటి ప్రదర్శన 1892లో జరిగింది. ఆ కాలపు ఇంట్లో ఏ లోటా, ఏ చెంబు, ఏ దీపం ఉండాలో తెలియాలంటే వస్తువుల చరిత్ర తెలియాలి. స్టెయిన్‌లెస్ స్టీలును షెఫీల్డులో కనిపెట్టిందే 1913లో. అయినా మధురవాణి ఇంట్లో మిలమిల మెరిసే స్టీలు గ్లాసు దర్శనమిస్తే, గురజాడ రాసిన భాషకు మనం పడ్డ శ్రమంతా ఆ గ్లాసులో మునిగిపోతుంది. కథను మలుపు తిప్పే మధురవాణి కంటె, గిరీశం వేళ్ళ మధ్య పొగచుట్ట, పేకముక్కలు, ఇవన్నీ పాత్రలతో సమానం. కంటెను మధురవాణి ముట్టుకునే తీరులోనే అది ఆమె సొంత సొమ్మని తెలియాలి. గిల్టు కంటె మెడకు గుచ్చుకుంటుంటే ఏ నటికీ ఆ మమకారం రాదు. పాత సామాన్ల కోసం హైదరాబాదులో గురువారం జుమ్మెరాత్ బజారుకో, ఆదివారం ఎర్రగడ్డ సంతకో వెళ్ళే నాటకాల మనిషికి ధర కట్టడం ఒక్కటే తెలిస్తే చాలదు. పిడి విరిగిన లాంతరును చూసి దాన్ని ఏ పదేళ్ళలో వాడారో చెప్పగలగాలి, ఎక్కడ మసి పట్టాలో ఎక్కడ తుడవాలో తెలియాలి. కొత్త వస్తువును పాతదిగా మార్చడమూ ఈ పనిలోదే. టీ డికాషన్‌లో ముంచి ఆరబెట్టిన కాగితం పాత ఉత్తరమవుతుంది. అందులో ఆ పాత్ర రాయాల్సిన మాటలే నిజంగా రాసి ఉంటే, చదివే నటుడి కళ్ళు సరైన చోట ఆగుతాయి. రక్తానికి పసుపూ సున్నమూ కలిపిన నీళ్ళు, ఉరుముకు వేలాడదీసిన ఇనప రేకు మనవాళ్ళకు కొత్తవి కావు.

రెండో అభ్యంతరం మరింత బలమైంది. మన సంప్రదాయానికి వస్తువులే అక్కర్లేదు కదా అంటారు. కూచిపూడి భాగవతులకు ఇద్దరు పట్టుకున్న తెర చాలు, వీధినాటకానికి కాగడా చాలు. ప్రేక్షకుడి ఊహే సగం సామగ్రి. నాటకాన్ని వస్తువులతో నింపడం దాన్ని సినిమాకు చౌకబారు నకలుగా మార్చడమే అన్నది వాళ్ళ వాదన. ఇందులో చాలా నిజముంది. స్టేజీ మీద వాడని వస్తువు ఒక్కటి కూడా ఉండకూడదని నేనూ నమ్ముతాను. కానీ ఈ వాదన తేల్చేది తక్కువ వస్తువులు చాలని. వాటిని ఎలాగోలా చేసి పడేయవచ్చని అది ఎక్కడా చెప్పదు. భామాకలాపంలో సత్యభామకు ఉన్న ముఖ్య వస్తువు జడ ఒక్కటే. తెర మీదుగా ఆ జడను వేయడం సభకు విసిరిన సవాలు. ఉన్నది ఒక్కటే కాబట్టి దాని బిళ్ళల వరస, బరువు, వేలాడే తీరు అన్నీ లెక్కలోకి వస్తాయి. సుంకర, వాసిరెడ్డి రాసిన మా భూమిని 1947 ప్రాంతంలో ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. పల్లె జనం ముందు రైతు వేషం వేసినవాడు కర్ర పట్టుకునే తీరు తప్పితే నాటకం అక్కడే ఓడిపోతుంది, ఎందుకంటే చూసేవాళ్ళకు ఆ కర్ర రోజూ చేతిలో ఉండేదే. 1949లో బెర్లిన్‌లో బ్రెహ్ట్ మదర్ కరేజ్ వేసినప్పుడు దాదాపు ఖాళీ రంగస్థలం మీద ఉన్నది ఒక బండి. ఆ పాత్ర వేసిన హెలెనే వైగెల్ తన వస్తువులు ఒక్కొక్కటీ తానే ఏరుకునేది, ఆమె ఎంపిక మీద బ్రెహ్ట్ ఒక పద్యమే రాశాడు. ఆమె తోలు సంచి మూత టప్పున మూసే చప్పుడులో ఆ పాత్ర లోభమంతా వినిపించేదని చూసినవాళ్ళు చెప్పారు. రంగస్థలం ఎంత ఖాళీ అయితే మిగిలిన వస్తువు మీద అంత చూపు పడుతుంది.

మూడోది డబ్బు. నాటక పరిషత్తుల పోటీలకు ఊళ్ళు తిరిగే సమాజానికి ప్రయాణ ఖర్చులే తలకు మించిన భారం. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్ వేసుకునేవాళ్ళు. ఇచ్చిన కాస్త సమయంలో సెట్టు వేసి, ఆడి, విప్పి, వ్యాను ఎక్కాలి. వాళ్ళను పట్టుకుని ప్రతి నాటకానికీ కొత్త వస్తువులు చేయించమనడం అన్యాయం కాదా? ఈ కష్టాన్ని నేను చిన్నదిగా చూడటం లేదు. అద్దె సామగ్రి వల్లే ఎన్నో ఊళ్ళలో పద్యనాటకం ఇంకా బతికి ఉందన్నదీ నిజమే, డ్రెస్ కంపెనీల వాళ్ళు చేసిన సేవను మరవకూడదు. కానీ లెక్క చూస్తే వ్యతిరేకమైన సంగతి కనిపిస్తుంది. ప్రతి ప్రదర్శనకూ అద్దె కడుతూ పోయే సమాజం ఏళ్ళ తరబడి ఆడాక కూడా చేతిలో ఏమీ మిగుల్చుకోదు. దీనికి భిన్నంగా, 1598లో లండన్‌లో నాటకశాల యజమాని ఫిలిప్ హెన్స్‌లో తన నాటక సమాజం దగ్గరున్న సామాన్ల జాబితా రాయించాడు. అందులో నరకద్వారం ఒకటి, బంగారు ఆపిళ్ళ చెట్టు, డ్రాగన్, ఎద్దు తల, కనిపించకుండా తిరగడానికి వేసుకునే అంగీ కూడా ఉన్నాయి. ఒకసారి చేసిన వస్తువు వాళ్ళకు ఆస్తి. దాన్ని మళ్ళీ మళ్ళీ వాడారు, కొత్త నాటకాలు రాసేవాళ్ళకు ఏవి చేతిలో ఉన్నాయో తెలుసు. నాలుగు శతాబ్దాల తరువాత ఆనాటి నాటకం ఎలా ఉండేదో పండితులు ఆ జాబితా చూసే ఊహిస్తున్నారు. పేద సమాజానికే ఈ పద్ధతి ఎక్కువ అవసరం. పది అద్దె వస్తువుల బదులు నాటకానికి ప్రాణమైన రెండింటిని సొంతంగా చేయించుకుని మిగతావి వదిలేస్తే ఖర్చు తగ్గుతుంది, నాటకం చిక్కబడుతుంది.

ఈమధ్య వచ్చిన ఎల్ఈడీ తెరల గురించి పెద్దగా వాదించాల్సింది లేదు. అరణ్యమూ అంతఃపురమూ దాని మీద చూపించుకోవచ్చు, అందులో తప్పు లేదు. కానీ తెర మీది గదను భీముడు ఎత్తలేడు, తెర మీది తులసిని రుక్మిణి తట్టలో వేయలేదు.

తయారీకి పదార్థాలు కావాలంటే మన నేలలోనే ఉన్నాయి. కొండపల్లి బొమ్మలకూ నిర్మల్ బొమ్మలకూ వాడే పొణికి కర్ర తెల్లగా, మెత్తగా, చేతికి బరువే తెలియనంత తేలికగా ఉంటుంది. కిరీటానికీ భుజకీర్తులకీ ఇంతకన్నా అనువైనది దొరకడం కష్టం. రంపపు పొట్టునూ చింతగింజల పిండినీ కలిపి ముద్ద చేసి అతుకులు పూడ్చే విద్య కొండపల్లిలో ఉంది, ఆ ముద్దతోనే ముఖాలు మలిచే విద్య చేర్యాల నకాషీ కళాకారుల దగ్గర ఉంది. ఏటికొప్పాకవాళ్ళు అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ దాని మీద లక్క రంగు కరిగించి పూస్తారు. ఆ మెరుపు లైట్ల కింద బంగారాన్ని మరిపిస్తుంది. లక్క, కర్ర, బట్ట అని భరతుడు చెప్పిన పదార్థాలు ఇవే. వీటిని పక్కనపెట్టి మనం థర్మోకోల్ దగ్గర ఆగిపోయాం. అది చవక, కోస్తే తెగుతుంది, నిజమే. కానీ ఘాటైన జిగురు తగిలితే కరిగిపోతుంది, రెండు ఊళ్ళు తిరిగేసరికి అంచులు రాలిపోతాయి, హారతి వెలిగించే సన్నివేశంలో తల మీద నిప్పు పెట్టుకున్నంత ప్రమాదం. పొణికి కిరీటం ఒకసారి చేస్తే ఒక నటుడి జీవితమంతా ఉంటుంది. బొమ్మలకు గిరాకీ లేదని బాధపడే కళాకారులకూ, మంచి సామగ్రి దొరకదని బాధపడే నాటకాలవాళ్ళకూ మధ్య ఉన్న దూరం ఒక్క బస్సు ప్రయాణమే. ఇన్నాళ్ళూ ఆ ప్రయాణాన్ని ఒక పద్ధతిగా ఎందుకు మార్చుకోలేదన్న ప్రశ్నకు నాకు కనిపించే జవాబు ఒక్కటే, ఈ పనిని మనం కళగా చూడలేదు.

చూడలేదనడానికి నాటకం కరపత్రమే సాక్ష్యం. రచన, దర్శకత్వం, సంగీతం, ఆహార్యం, రంగాలంకరణ, లైటింగ్ అంటూ పేర్లు వేస్తారు. త్రాసు చేసినవాడి పేరుకు అందులో చోటు ఉండదు. పరిషత్తులు నిర్వహించేవాళ్ళకు నా విన్నపం, వచ్చే పోటీలనుంచి రంగవస్తువుల తయారీకి విడిగా ఒక బహుమతి పెట్టండి. బహుమతి ఉంటే పేరు వస్తుంది, పేరు వస్తే ఆ పనికి మనుషులు వస్తారు. దర్శకులు రిహార్సల్ మొదటి రోజునే ఆ మనిషిని కూర్చోబెట్టుకోవాలి, ప్రదర్శనకు రెండు రోజుల ముందు చీటీ రాసిచ్చి పంపితే లాభం లేదు. హైదరాబాదు, ఆంధ్ర, తెలుగు విశ్వవిద్యాలయాల్లో రంగస్థల కళల శాఖలున్నాయి. సురభి కుటుంబాల్లోని పెద్దవాళ్ళను పిలిచి, తీగ బిగువూ తాడు ముడీ విద్యార్థుల చేత వేయించాలి, దాన్ని వీడియో తీసి దాచాలి. ఇది వాయిదా వేయదగ్గ పని కాదు. జిల్లాల్లో కళాక్షేత్రాల్లో ఒక్క గది కేటాయిస్తే ఆ ఊరి సమాజాలన్నీ తమ వస్తువులు జాబితా రాసి అక్కడ పెట్టుకుని, ఒకరివి ఒకరు వాడుకోవచ్చు.

చివరిగా ఒక మాట ఈ పత్రిక చదివే ఇళ్ళకు. తాతో పెదనాన్నో ఒకప్పుడు నాటకాలు ఆడిన ఇల్లయితే అటక మీద ఒక ట్రంకు పెట్టె ఉండే అవకాశం ఉంది. అందులో రంగు వెలిసిన కిరీటమో, పిడికి దారం చుట్టిన గదో, చెక్క కత్తో ఉంటే పాతసామాన్లవాడికి వేయకండి. ఏ నాటకంలో, ఏ ఊళ్ళో, ఎవరు వాడారో గుర్తున్నంత వరకు ఒక కాగితం మీద రాసి ఆ వస్తువుకు కట్టండి. ఫొటో తీసి దగ్గర్లోని నాటక సమాజానికో, విశ్వవిద్యాలయం రంగస్థల శాఖకో కబురు పెట్టండి. దాన్ని విప్పి చూసి కొత్తది చేయగల చేతులు ఇంకా కొన్ని ఉన్నాయి.